తెర దగ్గరైంది... మైదానం?

అర్జెంటీనా ఎక్కడ, పొదిలి ఎక్కడ! అయినా 2022 డిసెంబరు 18, ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి ఖతార్‌లో మెస్సీ ఫైనల్ ఆడుతుంటే, పొదిలి కుర్రాడికి అది చూడ్డానికి కావాల్సింది ఓ ఫోనూ, కాస్త డేటా. ఆ ప్రపంచకప్పుని జియోసినిమా ఉచితంగానే చూపించింది. అమ్మ సీరియల్‌కి అడ్డు లేదు, నాన్న వార్తలకీ అడ్డు లేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. గోల్ పడితే అరవాలనిపించినా పక్కన అరిచేవాళ్లు లేరు.

1986లో ఇలా కాదు. మెక్సికోలో మిట్టమధ్యాహ్నం ఆట మొదలైతే మనకి రాత్రి పదకొండున్నర. చూడాలంటే దూరదర్శన్ ఒక్కటే దిక్కు. టీవీ ఉన్న ఇంటికి వీధంతా చుట్టాలే. డాబా ఎక్కి యాంటెన్నా తిప్పేవాడొకడు, కిందనుంచి ‘ఇంకొంచెం... ఆఁ, చాలు!’ అని అరిచేవాళ్లు పదిమంది. మారడోనాని మన వాళ్లు పరిచయం చేసుకున్నది ఆ చుక్కల తెర మీదే.

అంతకుముందు ఏ తెరా లేనప్పుడు మన దగ్గర ఫుట్‌బాలే లేదనుకుంటే పొరపాటు. అసలు వైభవమంతా అప్పటిదే. రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 వరకు వరసగా అయిదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ పట్టుకొచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చినా కోచ్ ఆయనే. ఆ రెండు జట్లలోనూ సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. దూరాన గెలిచిన కబురు రేడియోలోనో, మర్నాటి పత్రికలోనో తెలిసేది. కళ్లారా చూడాలంటే మాత్రం నడిచి మైదానానికి వెళ్లాల్సిందే.

తొంభైల్లో కేబుల్ వచ్చి వారం వారం ఇంగ్లండ్ క్లబ్బుల్ని ఇంట్లో దింపింది. మాంచెస్టర్ ఆటగాళ్ల పేర్లు నోటికొచ్చాయి. ఊరి పక్క టోర్నమెంటుకి కెమెరా రాలేదు. కెమెరా రాని ఆట మెల్లగా లేనట్టే అయిపోయింది. తప్పంతా టీవీదే అనలేం లెండి, 1983 తర్వాత క్రికెట్ ఎవరిని వదిలింది గనక!

చిత్రమేమిటంటే, హైదరాబాదుకి మళ్లీ ఓ పెద్ద కప్పు వచ్చినప్పుడు అదీ తెర మీదే వచ్చింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ, కరోనా వల్ల రెండు సీజన్లు మొత్తం గోవాలోనే ఆడింది. సొంతూరు గచ్చిబౌలి మైదానంలో ఒక్క మ్యాచ్ లేదు. 2022 మార్చి 20న ఐఎస్‌ఎల్ ఫైనల్‌కి ఫటోర్డా స్టేడియం తలుపులు తెరిస్తే, నిండిందంతా కేరళ బ్లాస్టర్స్ పసుపు రంగే. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడింటిని ఆపి మన జట్టుని గెలిపించాడు. మూడేళ్లు తిరిగాయి. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మార్చుకుంది. రోడ్డెక్కి అడ్డుపడిన జనం లేరు. ఫోనులో వచ్చింది, వేలితో పైకి నెడితే పోయింది.

అదే కేరళలో, 2022 ప్రపంచకప్పుకి కొచ్చి దగ్గర ముండక్కముగళ్‌లో 17 మంది చందాలేసుకుని 23 లక్షలకి ఓ ఇల్లే కొన్నారు. ఎందుకంటే, అందరూ ఒకచోట కూర్చుని మ్యాచులు చూడ్డానికట! ఫోన్లు వాళ్లకీ ఉన్నాయి.