మందలింపు తీర్మానం తర్వాత?

అమెరికాలో 2025 జూలై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం పేదల వైద్యానికి ఆధారమైన మెడికెయిడ్‌కూ, ఆహార సహాయ పథకం స్నాప్‌కూ భారీగా కోత పెట్టింది. సెనేట్‌లో ఓట్లు 50-50గా చీలితే ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో గట్టెక్కింది. ప్రతినిధుల సభలో తేడా నాలుగే ఓట్లు. కాబట్టి దానికి చేయెత్తిన తమ రాష్ట్ర ప్రతినిధులను అక్కడి శాసనసభ్యులు అధికారికంగా మందలించడం వట్టి అలంకారం కాదు. స్నాప్ నిర్వహణ ఖర్చులో రాష్ట్రాల వాటా సగం నుంచి 75 శాతానికి పెరుగుతోంది. భారం మోయవలసినవారు నిలదీయడం న్యాయమే.

అయితే ఈ మందలింపునకు కోరలు లేవు. ఒకప్పుడు ఉండేవి. సెనేటర్లను రాష్ట్ర శాసనసభలే ఎన్నుకున్న కాలంలో, ఎలా ఓటు వేయాలో కూడా అవి ఆదేశించేవి. వర్జీనియా శాసనసభ ఆదేశాన్ని పాటించలేక జాన్ టైలర్ 1836లో సెనేట్ పదవికి రాజీనామా చేశాడు. 1913లో పదిహేడవ సవరణ ఆ ఎన్నికను నేరుగా ప్రజల చేతికిచ్చింది. (అంబేడ్కర్ కొలంబియాలో అడుగుపెట్టిందీ ఆ ఏడాదే.) మన రాజ్యసభ సభ్యులను నేటికీ ఎమ్మెల్యేలే ఎన్నుకుంటున్నా, వారిని ఆదేశించే అధికారం శాసనసభలకు లేదు.

అలాగని రాష్ట్రాలన్నిటినీ పేదల పక్షమని నమ్మలేం. 1935 నాటి సామాజిక భద్రతా చట్టం వృద్ధాప్య పింఛను నుంచి వ్యవసాయ కూలీలనూ, ఇళ్లలో పనిచేసేవారినీ మినహాయించింది. అందులో నల్లజాతి అన్న మాటే లేదు. కానీ దక్షిణాది నల్లజాతి శ్రామికుల్లో అత్యధికులు చేసినవి ఆ పనులే. వృత్తిని పేర్కొంటే చాలు, మనుషులు వాటంతట అవే జాబితా నుంచి జారిపోతారు. కులాన్ని ఎరిగిన పాఠకులకు ఈ విద్య వివరించనక్కరలేదు. ఆ తలుపు కొంతైనా తెరుచుకోవడానికి 1950 దాకా ఆగవలసి వచ్చింది.

ఇప్పుడు వృత్తికి బదులు గంటలు వచ్చాయి. మెడికెయిడ్ విస్తరణ కింద ఉన్నవారిలో పనిచేయగల వయోజనులు 2027 జనవరి నుంచి నెలకు 80 గంటల పనినో చదువునో రుజువు చేయాలి. ఇది ఢిల్లీ వంటి రాజధానిలోనే పుట్టిన ఆలోచన అనుకోకండి. 2018లో ఆర్కాన్సా రాష్ట్రమే దీన్ని అమలు చేసి చూసింది. కొద్ది నెలల్లోనే 18 వేల మందికి పైగా వైద్య రక్షణ కోల్పోయారు. వారిలో పనిచేస్తున్నవారూ ఉన్నారు, కాగితం సకాలంలో చేరలేదు, అంతే. మిసిసిపీ, అలబామా వంటి రాష్ట్రాలు మెడికెయిడ్ విస్తరణకు నేటికీ ఒప్పుకోలేదు. అక్కడ కేంద్రాన్ని నిందించే తీర్మానం వచ్చినా దానికి నైతిక బలం ఎక్కడిది?

మందలించే శాసనసభలను నేను అడిగేది ఒకటే: తీర్మానం ఆమోదించిన చేత్తోనే, రుజువు కాగితాలు నింపించే సిబ్బందికి ఈ ఏడాది బడ్జెట్‌లో ఎంత కేటాయించారు?