హెచ్చరిక కూడా ఔషధమే

ఆయుర్వేదమనగానే గృహస్థులకు స్ఫురించేది వ్యక్తి చికిత్స. ఎవరి ప్రకృతి ఏది, ఎవరికి ఏ దోషం ప్రకోపించినది, ఎవరికి ఏది పథ్యం అన్న విచారణయే ఈ శాస్త్రమని చాలామంది భావన. అయితే చరక సంహితలోని విమానస్థానంలో మూడవ అధ్యాయం దేశానికంతటికీ ఒకేసారి సంభవించే ఆపదను గురించినది. దాని పేరు జనపదోధ్వంసనీయము. గురుకులంలో మేము ఈ అధ్యాయమును కంఠస్థం చేసినాము. నేడు ప్రభుత్వాలు జరుపుతున్న తుపాను పర్యవేక్షణ, అంటువ్యాధుల నిఘా, అడవిమంటల గుర్తింపు గురించి విన్నప్పుడెల్లా నాకు ఆ అధ్యాయమే స్మరణకు వస్తుంది.

పాంచాల దేశంలో, కాంపిల్య నగర సమీపాన గంగాతీరంలో గ్రీష్మాంతమున సంచరిస్తూ పునర్వసు ఆత్రేయ మహర్షి శిష్యుడైన అగ్నివేశునికి ఒక హెచ్చరిక చేస్తారు. గ్రహనక్షత్రాలలోను, గాలిలోను, దిక్కులలోను వికృతి కనిపిస్తున్నది. త్వరలోనే భూమి ఓషధులకు రసవీర్యాలను సరిగా ఇవ్వదు. కనుక అవి నిస్సారం కాకముందే సేకరించి ఉంచుకొనవలెనని దాని భావం. అపుడు అగ్నివేశుడు అడిగిన ప్రశ్న గొప్పది. మనుష్యుల ప్రకృతి వేరు, ఆహారం వేరు, బలం వేరు, వయస్సు వేరు. అట్టివారందరూ ఒకే సమయంలో ఒకే వ్యాధికి ఎట్లా గురి అవుతారు? అందరికీ ఉమ్మడిగా ఉన్నవి నాలుగు, అవి చెడినప్పుడు అందరూ చెడుతారు అని ఆత్రేయుల సమాధానం. వాయువు, జలము, దేశము, కాలము. వీటిలో వాయువు కంటె జలమును, జలము కంటె దేశమును, దేశము కంటె కాలమును తప్పించుకొనుట కష్టతరమని కూడా చెప్పినారు.

ఇక్కడ రెండు విధాల పొరపాటు మాటలు వినవస్తున్నవి. మన పూర్వులకు అన్నీ తెలుసు, ఉపగ్రహాలు, రాడార్లు మనకు కొత్తగా నేర్పేది లేదని కొందరు వైద్యమిత్రులు అంటారు. గ్రహచారం చూచి మాట్లాడిన గ్రంథమునకు నేటి శాస్త్రంతో సంబంధమేమిటని మరికొందరు తోసిపుచ్చుతారు. ఈ రెండింటితోను నేను ఏకీభవించను. ఆత్రేయులు ఇచ్చినది దృష్టి. రోగం ఇంటికి వచ్చిన తరువాత కషాయం కాచుట కంటె, రాకముందే లక్షణములను పరిశీలించి సంభారములను సిద్ధం చేసుకొనవలెనన్న దృష్టి అది. ఆ దృష్టికి నేటి యంత్రాలు కన్నులనిచ్చినవి. కన్నులు లేని దృష్టి, దృష్టి లేని కన్నులు రెండూ నిష్ప్రయోజనాలే.

వాయువును తీసుకొందాము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో దాదాపు పదివేలమంది ప్రాణాలు కోల్పోయినారు. 1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన పెను తుపాను కూడా ఇంచుమించు అంతమందిని బలిగొన్నది. అదే ఒడిశా తీరాన్ని 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం వద్ద తాకినపుడు, అంతకుముందే లక్షలాది ప్రజలను సురక్షిత స్థలాలకు తరలించినందున మృతుల సంఖ్య కొన్ని పదులకే పరిమితమైనది. గాలి దయ చూపలేదు. మనుష్యులు ముందుగా కదిలినారు. క్షేమకరమైన జనపదములను ఆశ్రయించుటను చరకుడు జనపదోధ్వంస కాలమున రక్షణోపాయాలలో ఒకటిగా పేర్కొన్నాడు. తుపాను ఆశ్రయ భవనంలో ఒక రాత్రి గడుపుట అట్టి ఉపాయమే.

1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ నేడు విశాఖపట్నం, మచిలీపట్నం, శ్రీహరికోట మొదలైన చోట్ల డాప్లర్ రాడార్లతో సముద్రాన్ని కనిపెట్టి ఉంటున్నది. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే అది తుపాను. హెచ్చరికలకు పసుపు, నారింజ, ఎరుపు రంగులు ఉన్నవి. పసుపు అంటే గమనించండి, నారింజ అంటే సిద్ధపడండి, ఎరుపు అంటే కదలండి అని సామాన్యార్థం.

“పోయినసారి ఇట్లాగే చెప్పినారు, తుపాను ప్రక్కకు పోయినది” అని తేలికగా తీసివేయువారు ప్రతి ఊరిలోను ఉంటారు. జ్వరలక్షణములు చూచి వైద్యుడు లంఘనం చేయమన్నాడు, రోగి ఒక పూట మానినాడు, జ్వరం ముదరలేదు. ఆ రోగి వైద్యునిపై తగవుకు పోతాడా? తప్పిపోయిన ఆపదను తప్పుడు హెచ్చరికగా లెక్కించుట వివేకం కాదు.

ఇక జలము, దేశము. నీటికి సహజమైన రంగు, వాసన, రుచి మారుట, జలపక్షులు ఆ నీటిని విడిచిపోవుట జలదుష్టి లక్షణములని చరకుడు చెప్పినాడు. దోమలు, ఈగలు, మిడతలు, ఎలుకలు మితిమీరుట దేశదుష్టి లక్షణములలో చేరినవి. 1994 ఆగస్టులో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో ఎలుకలు రాలిపడినవి. తరువాతి నెలలో అక్కడి నుండి ప్లేగు వార్తలు వచ్చినవి. అదే సెప్టెంబరులో సూరత్ నగరంలోను ప్లేగు వార్త వ్యాపించి, లక్షలాది ప్రజలు రోజుల వ్యవధిలో ఊరు విడిచి పారిపోయినారు. ప్రాణిలోకం ఇచ్చే సూచనలను వ్రాసి పైకి పంపే వ్యవస్థ ఎంత ముఖ్యమో ఆ సంవత్సరం దేశమునకు తెలిసినది. 2004లో కేంద్రప్రభుత్వం సమగ్ర వ్యాధి పర్యవేక్షణ పథకమును ఆరంభించినది. గ్రామ ఆరోగ్య కార్యకర్త చూచిన లక్షణములు, వైద్యుని అనుమానము, ప్రయోగశాల నిర్ధారణ అను మూడు మెట్లుగా సమాచారం సాగుతుంది. మొదట వారానికొకసారి చేరిన ఈ సమాచారం నేడు కంప్యూటర్ల ద్వారా మరింత త్వరగా చేరుతున్నది.

ఈ వ్యవస్థలో ఒక పెద్ద లోపమున్నది. ప్రభుత్వ ఆసుపత్రుల నుండి వచ్చినంతగా ప్రైవేటు వైద్యుల నుండి, మావంటి సంప్రదాయ వైద్యుల నుండి సమాచారం చేరదు. ఒక వీధిలో పదిమందికి విరేచనములు పట్టుకొన్నప్పుడు వారిలో కొందరు మొదట మా గుమ్మమే ఎక్కుతారు. ఆ పదిమందికీ దానిమ్మ బెరడు కషాయమిచ్చి పంపివేసి, ఆ వీధి కుళాయిని గురించి ఎవరికీ చెప్పని వైద్యుడు సగం వైద్యమే చేసినట్లు. అంటువ్యాధి సోకిన దినాలలో రోగనిరోధక శక్తి పేరిట చూర్ణములు అమ్ముకొనుటకు చూపే ఉత్సాహంలో పదవవంతు సమాచారమిచ్చుటకు చూపితే ఎన్నో ప్రాణాలు దక్కును. సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలియజేయుట శాస్త్రధర్మమని నా సహవైద్యులకు మనవి చేస్తున్నాను. మా సమాచారమును కూడా చిన్నచూపు లేక స్వీకరించవలెనని ప్రభుత్వమును కోరుతున్నాను.

అడవిమంటల విషయం మన ఇంటి మందుల పెట్టెకే సంబంధించినది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి ఉపగ్రహముల సహాయంతో మంటలను గుర్తించి రాష్ట్రాల అటవీశాఖలకు తెలుపుతున్నది. మన నల్లమలలో, శేషాచలంలో వేసవి మంటలు కొత్తవి కావు. 2014 మార్చిలో తిరుమల కొండల అడవి తగులబడిన సంగతి చాలామందికి గుర్తుండును. మన దేశంలో ఈ మంటలలో అత్యధికం మనుష్యులు పెట్టినవే. తునికి చిగురు కొరకు, ఇప్పపూలు ఏరుకొనుటకు నేల శుభ్రం చేయుట కొరకు పెట్టిన నిప్పు, ఆర్పక పారవేసిన బీడీ, వీటివలననే అవి రగులుతవి. పెద్ద చెట్లు తట్టుకొన్నను, కరక, తాని, ఉసిరి మొలకలు, సుగంధిపాల, పిల్లిపీచర తీగలు కాలిపోవును. త్రిఫలచూర్ణం వాడే ప్రతి కుటుంబానికీ ఆ నిప్పుతో సంబంధమున్నది. ఓషధులు నిస్సారం కాకముందే జాగ్రత్తపడమన్న ఆత్రేయుల మాటకు ఇంతకంటె ప్రత్యక్ష వ్యాఖ్యానం వేరొకటి లేదు.

కాలము నాలుగవది. 2015 మే నెలలోని వడగాలులకు దేశంలో రెండువేలకు పైగా మరణించగా, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారే. ఋతువును మార్చలేము, ఋతుచర్యను మార్చుకొనగలము. హెచ్చరిక ఉన్న దినమున మధ్యాహ్నపు ఎండలో పని మాని, పలుచని మజ్జిగ, నీరు తరచుగా త్రాగవలెను. శరీరం కాలిపోతూ మాట తడబడితే అది గృహచికిత్సకు లొంగునది కాదు. తడిబట్టలతో చల్లబరుస్తూ 108కి కబురు చేయవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

వరదనీటి విషయంలో కూడా ఒక మాట. చిల్లగింజను అరగదీసి కలిపితే మురికి అడుగుకు దిగి నీరు తేరుకొనును. ఇది మన పెద్దలు ఎరిగిన మంచి ఉపాయం. కాని తేరిన నీరు నిర్దోషమైన నీరు కాదు. దానిని తెర్లకాచి చల్లార్చి మాత్రమే త్రాగవలెను. విరేచనములైనవారికి ఓ.ఆర్.ఎస్. ద్రావణం తప్పక పట్టవలెను. వరద తీసిన తరువాత పాములు ఇళ్లలో చేరును. పాము కరిస్తే పసరు, మంత్రం అంటూ కాలహరణం చేయక, ఆ అవయవమును కదల్చకుండ ఆసుపత్రికి చేర్చవలెను. ఆయుర్వేద వైద్యుడనైన నేనే ఈ మాట చెబుతున్నాను.

హెచ్చరికలు చేయు అధికారులకు కూడా ఒక సూచన. “తీవ్ర వాయుగుండం, పశ్చిమ వాయవ్య దిశ” అన్న మాటలు వంటయింటిలోని ఇల్లాలికి దారి చూపవు. ఈ రాత్రి ఏ వీధివారు ఏ బడికి చేరవలెనో, ఏ బావినీరు త్రాగరాదో అచ్చ తెలుగులో చెప్పండి. వైద్యుడు రోగితో దోషముల పేర్లు చెప్పి ఊరుకోడు. ఏమి తినవలెనో చెబుతాడు.

గృహస్థులు తమ మందుల పెట్టెలో శొంఠి, వాము, పసుపులతో పాటు ఓ.ఆర్.ఎస్. పొట్లములు, నిత్యం వాడే మందులు వారానికి సరిపడా ఉంచుకొనండి. ఇంటిలో రేడియో, చేతిదీపం పని చేయు స్థితిలో ఉండవలెను. ఇరుగుపొరుగున ఒంటరిగా ఉన్న వృద్ధులు, గర్భిణులు ఎవరో నేడే తెలిసికొని, హెచ్చరిక వినబడిన నాడు ముందు వారి తలుపు తట్టండి.