ముందు ఆవాలు, చివర కరివేపాకు

బదిలీ వచ్చినప్పుడల్లా మనకు ఊరు, బడి, స్నేహితులు అన్నీ మారిపోతాయి. చిన్నపిల్లలు ‘తర్వాత ఏమవుతుంది?’ అని బెంగపడతారు. అందుకే ఏ పని తర్వాత ఏ పని అన్నది వాళ్ళకు ఇంట్లోనే నేర్పాలని నా అభిప్రాయం. దీనికి పుస్తకాలు అక్కర్లేదు. అమ్మ తాలింపు పెడుతూ, దూరంగా కూర్చున్న తమ్ముణ్ణి అడుగుతుంది: “నూనె కాగింది, ఇప్పుడేమిటి?” ముందు ఆవాలు, అవి చిటపటలాడాక జీలకర్ర, చివర కరివేపాకు. జీలకర్ర త్వరగా మాడుతుంది కాబట్టే ఆవాల తర్వాత వేస్తారని వాడికిప్పుడు తెలుసు. ముగ్గుకైతే ముందు చుక్కలు, తర్వాత గీతలు. తెలుగు నెలలకు మొదట చైత్రం, చివర ఫాల్గుణం. మొన్న కొత్త క్వార్టర్‌లో సామాన్లు దింపగానే తమ్ముడు ఏడవలేదు. “ముందు పొయ్యి పెట్టాలి, తర్వాత తాలింపు” అన్నాడు. మీ ఇంట్లో చిన్నవాళ్ళనూ ఇలా అడిగి చూడండి.