ట్రాటర్‌గారి చెక్క బూట్లు

"హీరో పేరే మూడుసార్లు మార్చావు, ఇంక నవలేం రాస్తావురా?" అన్నాడు మా రూమ్మేట్. ఆ మాటకి రెండేళ్ళ ఫోల్డర్ డిలీట్ చేసేవాణ్ణే!

వీళ్ళ లెక్కలో పేరు మార్చడమంటే ఫైండ్ అండ్ రీప్లేస్. కథంతా ముందే డిజైన్ చేసుకుని కూర్చున్నవాడే రచయిత. నాన్సెన్స్!

'లార్డ్ ఆఫ్ ద రింగ్స్'ని టోల్కీన్ 1937 డిసెంబరులో మొదలెట్టాడు. ఆ తొలి చిత్తుప్రతుల్లో మన ఫ్రోడో పేరు బింగో. సత్రంలో మూల కూర్చునే స్ట్రైడర్ అయితే అసలు మనిషే కాదు, చెక్క బూట్లేసుకున్న ట్రాటర్ అనే హాబిట్! ఇతనెవరో రాసేవాడికే తెలీదు. తెలుసుకోడానికే మళ్ళీ మళ్ళీ రాశాడు. హాబిట్ మనిషయ్యాడు, రాజవంశీకుడయ్యాడు, అప్పటికీ పేరు ట్రాటరే. స్ట్రైడర్ అన్న పేరు ఆ తర్వాతెప్పుడో వచ్చింది. ముందు మారింది మనిషండీ, పేరు కాదు. నమ్మకపోతే, కొడుకు క్రిస్టొఫర్ 1988లో ఆ చిత్తుప్రతులతో వేసిన 'ద రిటర్న్ ఆఫ్ ద షాడో' చూడండి.

మొదటి డ్రాఫ్ట్‌కే సైన్ ఆఫ్ ఇచ్చేసుంటే, మనకి రాజు బదులు చెక్క బూట్లు మిగిలేవి. సైన్ ఆఫ్ అయ్యాక కూడా రిక్వైర్‌మెంట్లు మార్చే క్లయింట్‌కి "ష్యూర్" అంటాం కదా, రచయిత దగ్గరే ఎందుకీ పట్టింపు?

నా హీరోకి నాలుగో పేరు పెడుతున్నా. ఏమంటారు?