పతకముల పట్టికలో లేని పేర్లు

1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలనగానే మన విద్యార్థులకు ధ్యాన్‌చంద్ నాయకత్వమున మన హాకీ జట్టు సాధించిన విజయము, జెస్సీ ఓవెన్స్ గెలిచిన నాలుగు స్వర్ణపతకములు స్ఫురించును. ఆ క్రీడల చరిత్రలో తలచుకొనదగిన పేర్లు మరి మూడు కలవు. అవి ఏ పతకముల పట్టికయందును కానరావు. జూడిత్ డాయిచ్, రూత్ లాంగర్, లూసీ గోల్డ్‌నర్ అను యూదు బాలికలు ఆస్ట్రియా ఈతజట్టునకు ఎంపికయ్యును బెర్లిన్‌కు పోమనిరి.

వారు వియన్నాలోని హకోవా క్లబ్బువారు. హకోవా అనగా హీబ్రూ భాషలో బలము. యూదులను చేర్చుకొనని క్రీడాసంఘములు ఆస్ట్రియాలో పెక్కు ఉండిన కాలమున, 1909లో ఆ క్లబ్బు వెలసినది.

జర్మనీలో హిట్లరు ప్రభుత్వము 1935లోనే యూదుల పౌరసత్వమును హరించినది. క్రీడల వేళకు బెర్లిన్ వీథులలోని యూదు వ్యతిరేక ఫలకములను తాత్కాలికముగా తొలగించి, అతిథులకు శాంతవదనమును చూపినది. పోయి గెలిచి బుద్ధిచెప్పరాదా యని కొందరడుగవచ్చును. ఆ నటనకు తాము అలంకారము కారాదని ఆ బాలికలు తలచిరి. అప్పటికి జూడిత్‌కు పదునెనిమిదేండ్లు నిండలేదు, రూత్‌కు పదునైదేండ్లు. ఒలింపిక్ స్ఫూర్తిని అగౌరవపరచినారని ఆరోపించి ఆస్ట్రియా ఈత సంఘము వారిని పోటీలనుండి నిషేధించినది. వారి రికార్డులను కొట్టివేసినది.

1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాను కబళించినది. హకోవా మూతపడెను. ఈతగత్తెలు పలుదేశములకు చెదరిపోయిరి. దేశము విడువలేకపోయినవారి గతి దారుణము. ఆస్ట్రియా యూదులలో సుమారు 65,000 మంది నాజీలచే హతులైరి.

1995లో ఆ సంఘము క్షమాపణ వేడి, జూడిత్ రికార్డులను పునరుద్ధరించినది. కలముతో కొట్టివేసినదానిని కలముతో తిరిగి వ్రాయవచ్చును. క్రీడాకారిణి జీవితమున పదునెనిమిదవ యేడు మరల రాదు. ఆమె 2004లో మరణించినది.

ఆ యేటనే వచ్చిన ‘వాటర్‌మార్క్స్’ అను వాస్తవ చిత్రమున, యారన్ జిల్బర్‌మన్ హకోవా ఈతగత్తెలను వెదకి పలికించెను. ఎనుబదేండ్ల ప్రాయమున వారు వియన్నాకు వచ్చి, మరల ఒక్కటిగా నీట దిగిరి. పోటీలు, స్నేహములు, పరిహాసములు, పరుగున విడిచిన ఇండ్లు, అన్నియు వారి మాటలలో దొరలును. హింసకు పూర్వము తమకొక నిండు యౌవనముండెనని ఆ వృద్ధులు సాక్ష్యమిచ్చుచున్నారు. బాధితులను సంఖ్యలుగానే ఎరిగిన మనకు ఈ సాక్ష్యము అత్యవసరము.

గెలిచినవారి పేర్లు పుస్తకములందు దొరకును. రానివారెవరు, ఏల రాలేదు అను ప్రశ్నను ఉపాధ్యాయుడే లేవదీయవలెను. బెర్లిన్ పాఠము చెప్పునాడు నల్లబల్లమీద ఈ మూడు పేర్లను కూడ వ్రాయుదురుగాక.