అరిగిన బ్రేకు ప్యాడ్లు – ఇల్లాలి లెక్క

క్రిందటి నెల ఈ పుటలో తిరుగలి గంట్లను గూర్చి మేము వ్రాసినది చదివి, చేవెళ్ల ప్రాంతమునుండి యొక సోదరి మాకు చిన్న లేఖ వ్రాసిరి. “మా యింట తిరుగలి లేదు, కారున్నది. అరిగిపోవు వస్తువులను గూర్చియే వ్రాయదలచినచో మా కారు బ్రేకులను గూర్చి వ్రాయుడు. ఆపినప్పుడెల్ల కీచుమనుచున్నది. మావారు దుమ్మనుచున్నారు. ప్రతి శుక్రవారమును పిల్లలతో చిల్కూరు వచ్చుచుందుము” అని యందలి సారము.

మేము మోటారు విద్య నెరిగినవారము కాము. మా చదువు తండ్రిగారియొద్ద భారత భాగవతములతో మొదలై యచటనే నిలిచినది. ఐనను చిల్కూరున కాపురముండువారికి కార్లతోడి పరిచయము తప్పదు. ఉస్మాన్‌సాగరు చెంతనున్న మా బాలాజీ కోవెలకు శుక్ర, శని, ఆదివారములయందు వచ్చు బండ్లకు లెక్కయుండదు. 11 ప్రదక్షిణములు చేసి కోరిక చెప్పుకొనువారు, అది తీరినపిమ్మట 108 చేయుటకు మరల వచ్చువారు, వీసా కాగితములు చంకనిడుకొని వచ్చు పిల్లలు, అందరును చక్రములపైననే వత్తురు. హుండీ లేని కోవెల యగుటచే భక్తుల డబ్బంతయు పెట్రోలునకే పోవుచున్నదని మావారి పరిహాసము. దసరానాడు కారునకు పసుపుకుంకుమలిడి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, గుమ్మడికాయ కొట్టి ముందునకు నడుపని యిల్లు లేదు. ఆ చక్రముల లోపల నేమి మిగిలియున్నదో వంగి చూచినవారిని మాత్రము మేము కానలేదు.

లేఖ వచ్చిన వారముననే మా పాత చిన్న కారునకు ముందు ప్యాడ్లు మార్పింపవలసి వచ్చినది. మొయినాబాదు దారిలోని యొక షెడ్డున చక్రము విప్పుచుండగా మేము కుర్చీలో కూర్చుండక ప్రక్కన నిలిచి చూచితిమి. మెకానిక్కు మొదట మొగమాటపడెను. పిమ్మట తానే “ఇటు చూడక్కా” అని పిలిచి చూపెను. ఇచట వ్రాయుచున్నది కన్నులార చూచినదియు, అతని నడిగి తెలిసికొన్నదియు, పుస్తకములతో సరిచూచుకొన్నదియు.

కారు ముందుచక్రము లోపల ఇనుపపళ్లెము వంటి డిస్కొకటి చక్రముతోబాటు తిరుగుచుండును. దానికి ఇటునొకటి అటునొకటిగా రెండు ప్యాడ్లుండును. ప్యాడనగా అరచేత నిముడు ఉక్కురేకు, దానిపై గట్టిగా నంటించిన రాపిడి పదార్థము. మనము పెడలు నొక్కగానే ఆ బలము బ్రేకు ఆయిలు ద్వారమున గొట్టములవెంట పోయి, క్యాలిపరు లోని పిస్టనును త్రోయును. పిస్టను ప్యాడ్లను డిస్కున కదిమిపట్టును. పొయ్యిమీది గిన్నెను పట్టకారుతో పట్టుటయు నిట్టిదే. బండి పరుగంతయు ఆ రాపిడిలో వేడియై గాలిలో కలిసిపోవును. ప్యాడు రవంత యరుగును. బండి నిలుచునపుడు బరువు ముందునకు వాలుటచే ముందు ప్యాడ్లు త్వరగా నరుగును. మన చిన్న కార్లలో పెక్కింటికి వెనుకచక్రములయందు డిస్కులుండవు. డ్రమ్ములును, వాని లోపల షూలును ఉండును. అవియు నరుగునుగాని నెమ్మదిగా.

నలోపాఖ్యానము చదివిన సోదరీమణులకు ఋతుపర్ణుని యుత్తరీయము జ్ఞప్తియుండును. బాహుకుడు రథము తోలుచుండగా రాజు పైవస్త్రము జారి పడినది. నిలుపుమని రాజనునంతలో అది యోజనము దూరమున వెనుకబడిపోయినదట. చిన్ననాడు మేము దానిని రథవేగపు పొగడ్తగా చదివితిమి. ఇప్పుడు చదువగా, ఆపవలెనని తోచుటకును బండి ఆగుటకును నడుమ గడచిపోవు దూరమే మాకు కనబడుచున్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా సాగును. పిల్లవాడు అడ్డువచ్చెనని కన్ను చూచి, కాలు పెడలును చేరునప్పటికే ఇంచుమించుగ నంతదూరము పోయియుండును. బ్రేకు పని యటుపిమ్మట మొదలగును. వేగము రెండింతలైనచో బ్రేకు మ్రింగవలసిన శక్తి నాలుగింతలగును. ఇక ప్యాడు కూడ లేనిచో ఏమి చెప్పవలెను!

చేవెళ్ల సోదరి యడిగిన కీచురవము మాటకు వచ్చెదము. వారి భర్తగారి మాట కేవలము త్రోసివేయదగినది కాదు. దుమ్ము చేరినను, రాత్రి వాన కురిసి డిస్కుపై పలుచని త్రుప్పు పట్టినను ప్రొద్దున బ్రేకు కీచుమనును. రెండు మూడు మార్లు ఆపగానే యది పోవును. పోక, వారమైనను దినదినమును ఆపినప్పుడెల్ల వినబడుచున్నచో అది దుమ్ము కాదు. అనేక ప్యాడ్లకు చిన్న యినుపనాలుక నమర్చియుందురు. ప్యాడు మార్చుకొనవలసినంత పలుచనైన వేళ ఆ నాలుక డిస్కును తాకి అరచును. అరచుటకే దాని నచట పెట్టినారు. ఆ యరుపును కూడ లెక్కచేయనిచో కొన్నాళ్లకు కీచురవము పోయి గరగరయని తిరుగలి చప్పుడు మొదలగును. అప్పటికి రాపిడి పదార్థము పూర్తిగ పోయి ఉక్కురేకే డిస్కును గీరుచున్నదన్నమాట.

ఈ చప్పుడు మొదట వినునది ఎవరు? బండి తోలువారు ఫోనుననో, తోడివారితోడి మాటలనో ఉందురు. వెనుక సీటున పిల్లను ఒడిలో పెట్టుకొని, కిటికీ సగము దించుకొని కూర్చున్న యాడుది వినును. ఇంట కుక్కరు కూత మారినను, మిక్సీ బరువెక్కినను పసిగట్టు చెవులవి.

మా వీధిలోని యొక యింటి కోడలు నిరుడు కార్తికమాసముననే యీ మాట చెప్పినది. అత్తవారింట కాదనలేదు, సంక్రాంతి ఖర్చులు దాటనిమ్మనిరి. మెత్తని మాట కనుక ఆమె ఊరకుండెను. మాఘమాసమున నొక శుక్రవారము సాయంకాలము, కోవెల దారిలో కొబ్బరికాయల గంప నెత్తిన పెట్టుకొన్న ముసలమ్మ అడ్డువచ్చినది. మెల్లగ పోవుచున్న బండియే. ఐనను ఆగవలసిన చోట నాగక మూడు నాలుగు అడుగులు ముందునకు పోయి తాకినది. ముసలమ్మ పడి మణికట్టు విరుగగొట్టుకొనెను, ప్రాణము దక్కినది. ఆసుపత్రి ఖర్చు ఆ యింటివారే పెట్టుకొనిరి. చక్రము విప్పి చూడగా డిస్కులు రెండును నాగటిచాళ్లవలె గీరుకొనిపోయియున్నవి. చిన్న కారునకు ముందు ప్యాడ్లు సాధారణముగ వేయి రెండువేల రూపాయల మాట. డిస్కులును చేరుటచే దానికి మూడింతలైనది. “చప్పుడు వినబడేది నాకు, పైసలుండేది వాళ్ల చేతిలో. ఏం జేయాలె వదినా?” అని ఆ పిల్ల మాయొద్ద కంటనీరు పెట్టుకొనెను.

ఆ ప్రశ్నను మేము తేలికగ తీసికొనలేము. పాలు, బియ్యము, బడిరుసుము, గ్యాసుబండ, ఇన్నింటికి నెలలెక్కలో పద్దులు వ్రాయు మనము కారు మాట వచ్చునప్పటికి అది మగవారి వస్తువని ప్రక్కకు తొలగుచున్నాము. అందు కూర్చుండువారిలో సగముకంటె నెక్కువమంది మనమును మన పిల్లలునే. 2025 నవంబరులో మీర్జాగూడ యొద్ద కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని పెక్కుమంది మరణించిన నాటినుండి, చేవెళ్ల దారిని పోయినవారు తిరిగివచ్చువరకు మా ప్రాంతపు తల్లులకు నిద్రపట్టుట లేదు. ఆ ఘోరమునకు బ్రేకులతో ముడిపెట్టుట మా యుద్దేశము కాదు. ఎదుటి బండి మన చేతిలో లేనిది. మన బండి యాగుట కొంతవరకైనను మన చేతిలోనిది. పండుగ చీరకు ముందు ఈ పద్దు వ్రాయుడని మా సలహా. కోపము వచ్చువారికి రానిండు.

బ్రేకు ఆడువారి విషయము కాదని యెవరైన నన్నచో వారికి బెర్తా బెంజి కథ చెప్పవచ్చును. ఈమె జర్మనీ దేశమున తొలి మోటారుబండ్లలో నొకటి నిర్మించిన కార్ల్ బెంజికి ఇల్లాలు. 1888 ఆగస్టున భర్తతో చెప్పకయే, కుమారు లిద్దరిని వెంటనిడుకొని, ఆ బండిలో మాన్‌హైమునుండి ఫోర్ట్స్‌హైములోని తన పుట్టింటికి బయలుదేరినది. వంద కిలోమీటర్లకు పైబడిన దారి. ఇంధనపు గొట్టము పూడిపోగా టోపీసూదితో త్రవ్వినది. మందుల దుకాణమున ఇంధనము కొనినది. పల్లపుదారుల దిగుటచే బ్రేకు కొయ్యదిమ్మలు అరిగిపోయినవి. ఆమె దారిలోని గ్రామమున చెప్పులుకుట్టువానిని పిలిచి వానిపై తోలుపట్టీలు కొట్టించుకొనెను. అరిగినప్పుడు మార్చుకొనదగిన తొడుగొకటి బ్రేకునకు వేయుట ఆమెతో మొదలైనదని మోటారు చరిత్రకారులు చెప్పుదురు. నేటి ప్యాడు ఆ తోలుపట్టీకి మనుమరాలు. నడుమ చాలకాలము రాతినార కలిపిన ప్యాడ్లు వాడిరి. దాని ధూళి ఊపిరితిత్తులకు కీడని తేలిన పిమ్మట అనేక దేశములు మానినవి. ఏ ప్యాడు ధూళినైనను నోటితో నూది దులుపరాదు, తడిగుడ్డతో తుడువవలెను. పిల్లలను ఆ దాపునకు రానీయకుడు.

ఇక మార్చు విధము. మీరే మార్చవలెనని మా కోరిక కాదు; మార్చునపుడు నిలిచి చూచుటకు తెలిసియుండవలెను. సమముగనున్న నేలపై బండి నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, వెనుకచక్రములకు రాళ్లడ్డుపెట్టి, నట్లను నేలమీదనే కొంచెము వదులుచేసి, తరువాత జాకీ యెత్తవలెను. జాకీపై మాత్రమే బండి నిలిపి పనిచేయువాడు తెలివిగలవాడు కాడు. క్రింద స్టాండు పెట్టవలెను. చక్రము తీసి, క్యాలిపరును విప్పి, దానిని తీగతో పైకి కట్టవలెను. రబ్బరు గొట్టముమీద వ్రేలాడవిడిచినచో గొట్టము చెడును. అప్పుడు పాత ప్యాడ్లు చేతికి వచ్చును. వానిని మీరు చేతబట్టి చూడుడు. కొత్తదానికి రాపిడి పదార్థము సుమారు 10, 12 మిల్లీమీటర్ల మందముండును. అది 3 మిల్లీమీటర్లకు, అనగా రూపాయి నాణెములు రెండు ఒకదానిపై నొకటి పెట్టినంతకు వచ్చినచో మార్చవలసినదే. మా ప్యాడు లోపలిది వెలుపలిదానికంటె నెక్కువ యరిగియున్నది; వెలుపలినుండి తొంగిచూచి “ఇంకా ఉన్నది” అనుట చాలదని మాకప్పుడు తెలిసినది.

కొత్త ప్యాడ్లు మందముగ నుండును గనుక పిస్టనును మెల్లగ లోనికి నొక్కవలెను. నొక్కగా పైనున్న డబ్బాలో బ్రేకు ఆయిలు మట్టము పెరుగును. పొర్లి రంగుపై బడినచో రంగు లేచిపోవును. ప్యాడు ముఖమునకు గ్రీజు కాని చేతి జిడ్డు కాని యంటరాదు. ఒక ప్రక్క మార్చినచో రెండవ ప్రక్కయు మార్చితీరవలెను. లేనిచో బ్రేకు వేయగానే బండి యొకవైపునకు లాగును. అన్నియు బిగించిన పిమ్మట, బండి కదల్పక మునుపు, పెడలును పలుమార్లు నొక్కి గట్టిపడినదని చూచుకొనవలెను. ఇది మరచినవాని బండి మొదటి తొక్కునకు నిలువదు. మా మెకానిక్కు దీనిని మాచేతనే చేయించెను. మొదటి రెండు మూడువందల కిలోమీటర్లు మెత్తగ ఆపుచు నడుపుడనియు చెప్పెను. కొత్త ప్యాడు డిస్కునకు ఒరసి కుదురుకొనుటకు ఆపాటి కాలము పట్టును. పాత ప్యాడ్లను అడిగి పుచ్చుకొంటిమి. మార్చితిమని చెప్పి మార్చని షెడ్డులును ఉండునట.

మరియొక మాట. చప్పుడు లేకయే వచ్చు కీడులు కలవు. డబ్బాలో ఆయిలు మట్టము తగ్గుచున్నచో ప్యాడ్లు అరుగుచుండవచ్చును, లేదా ఎచటనో కారుచుండవచ్చును. కారణము చూడక ఊరక పోసి నింపరాదు. ఆ యాయిలు గాలిలోని తేమను పీల్చును గావున రెండేండ్ల కొకమారు మార్పింపవలెను. పెడలు నొక్కగా వణకుచున్నచో డిస్కును చూపింపవలెను. నొక్కుచుండగనే మెత్తగ నేలకు దిగిపోవుచున్నచో ఆ బండిని “షెడ్డుదాక మెల్లగ పోవుదము” అనియైనను కదలింపక, ఉన్నచోటనే నిలిపి, మెకానిక్కునే యచటికి పిలిపింపవలెను.