రాడ్డు పట్టుకుంటే వైరస్‌ తెలుస్తుందా?

ఎమ్మిగనూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఆమె భర్త మగ్గం నేస్తారు. పోయిన దసరా ముందు చికున్‌గున్యా వచ్చింది. జ్వరం వారంలో తగ్గింది, కీళ్లనొప్పులు రెండు మూడు నెలల్లో సర్దుకున్నాయి. నీరసం మాత్రం వదల్లేదు. పట్టుదలగా ఒకరోజంతా గుంట మగ్గంలో కూర్చుని నేస్తే, తర్వాత రెండు రోజులు మంచం దిగలేకపోతున్నారట. ఇంట్లో పెద్దవాళ్లు ‘ఒళ్లు బరువెక్కింది’ అంటున్నారు. చివరికి ఆదోనిలో ఎవరో పెట్టిన క్యాంపుకు వెళితే, చేతికి లోహపు రాడ్డు ఇచ్చి పట్టుకోమని, నిమిషంలో 30 పేజీల రిపోర్టు తీసిచ్చారు. ‘ఒంట్లో వైరస్‌ దాగి ఉంది’ అని మూడు నెలల పొడులు అంటగట్టారు. కమ్మలు తాకట్టు పెట్టాం, ఈ పరీక్షను నమ్మొచ్చా అని ఆమె ప్రశ్న.

నమ్మొద్దమ్మా. ఆ రాడ్డు మహా అయితే కొలిచేది అరచేతి చర్మంలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో. చెమట పడితే ఒకలా, తుడుచుకుంటే ఇంకోలా ఉంటుంది. ముందే వయసు, ఎత్తు, బరువు అడిగి టైపు చేసుకుంటారు కదా! వయసు మార్చి చెప్పి మళ్లీ కూర్చుంటే దాని సంగతి తేలిపోతుంది. కంటిపాప ఫొటో తీసి, వెంట్రుక చూసి వైరస్‌ పేరు చెప్పేవీ ఆ బాపతే.

ఆ మాటకొస్తే రక్తపరీక్షకూ హద్దులున్నాయి. చికున్‌గున్యా వైరస్‌ రక్తంలో నేరుగా దొరికేది సుమారు మొదటి వారమే. ఆ తర్వాత ఐజీఎం యాంటీబాడీలు కొన్ని నెలలు, ఐజీజీ ఏళ్ల తరబడి ఉంటాయి. 2005 చివర్లో, 2006లో మన రాయలసీమలో ఇంటిల్లిపాదీ మూలుగుతూ పడుకున్న రోజులు గుర్తున్నాయా? అప్పుడు జ్వరపడ్డవారికి ఈనాటికీ ఐజీజీ పాజిటివ్‌ రావచ్చు. అది పాత జ్వరానికి గుర్తే తప్ప ఇప్పటి నీరసానికి రుజువు కాదు.

పెద్ద సైంటిస్టులే ఇక్కడ బోల్తాపడ్డారు. దీర్ఘకాలిక నీరస వ్యాధి ఉన్నవారి రక్తంలో ‘ఎక్స్‌ఎంఆర్‌వీ’ అనే వైరస్‌ దొరికిందని 2009లో ‘సైన్స్‌’ పత్రికలో వ్యాసం వచ్చింది. ప్రపంచమంతా పరీక్షలకు ఎగబడింది. అది ల్యాబుల్లో జరిగిన కల్తీ అని తేలి, 2011లో వ్యాసాన్ని పత్రికే వెనక్కి తీసుకుంది.

ఇంతకన్నా పనికొచ్చే సంగతి ఆస్ట్రేలియాలోని డబ్బో ప్రాంతంలో బయటపడింది. మూడు వేర్వేరు ఇన్‌ఫెక్షన్లు సోకిన 253 మందిని పరిశీలిస్తే, ఆరు నెలల తర్వాత కూడా నూటికి సుమారు 12 మంది లేవలేని నీరసంతో ఉన్నారు. ఆ మూడింటిలో ఒకటైన రాస్‌ రివర్‌ వైరస్‌ చికున్‌గున్యాకు దగ్గరి చుట్టం. ఏ క్రిమి సోకిందన్నది కాదు, మొదటి జబ్బు ఎంత తీవ్రంగా వచ్చిందన్నదే తేడా చూపింది. 2006లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. కాబట్టి మీవారిది బద్ధకం అనేముందు ఇంట్లో పెద్దవాళ్లకు ఈ పేరా చదివి వినిపించండి.

మరి వెతకాల్సింది ఏమిటి? మందుతో తగ్గే కారణాలు. రక్తహీనత, థైరాయిడ్‌, షుగర్‌, బి12 లోపం, కాలేయం, కిడ్నీల పరీక్షలు చేయించాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే టీబీ పరీక్ష తప్పనిసరి. పొడులు తింటూ మూడు నెలలు ఆగితే ముదిరేది ఇలాంటివే. డాక్టర్‌ను ఇంకొకటి అడగండి: కాసేపు పడుకోబెట్టి నాడి, బీపీ చూసి, తర్వాత పది నిమిషాలు నిలబెట్టి మళ్లీ చూడమని. నిలబడగానే నాడి నిమిషానికి 30కి పైగా పెరిగి అలాగే ఉంటే, ఆ నీరసానికి దారి అక్కడ దొరుకుతుంది. బీపీ మిషను, గడియారం చాలు.

అన్నీ మామూలుగా వచ్చినా నీరసం అబద్ధమైపోదు. అంతవరకు రోజంతా నేయనివ్వకండి. గంట నేసి, అలసట రాకముందే లేవాలి. కండెలు చుట్టే పని వేరొకరు చేస్తే మంచిది. ఆసుపత్రికి ఆ 30 పేజీలు మోసుకెళ్లక్కర్లేదు. దసరా నాటి జ్వరం చీటీలుంటే అవి పట్టుకెళ్లండి.